జోడెద్దుల అమ్మ

శక్తినగర్,
20-1-1997, సోమవారం

అక్కా, నీ చెల్లెలు కృష్ణ నమస్కారాలు.

బావ కంటి పట్టీ విప్పారా? ఆపరేషనైన నాలుగోనాడే నల్లద్దాలు పెట్టుకుని దుకాణంలో కూర్చున్నాడని సూగప్ప చెప్పి ఒకటే నవ్వు. ఆయన్ను ఎండలోకి పోనియ్యకు. ఈ ఉత్తరం కూడా సూగప్ప చేతికే ఇస్తున్నాను. రాయచూరు నుంచి రోజూ షిఫ్టు బస్సులో ఇక్కడి కరెంటు ప్లాంటుకు వచ్చిపోయే మనిషి ఉండగా మనకు పోస్టు డబ్బా ఎందుకు?

నిన్న సాయంత్రం మా కాలనీ క్లబ్బులో హేమ తీసిన బొమ్మల సినిమా వేశారు. నీ కూతురి మొదటి సినిమాకు నువ్వే రాలేకపోయావని దానికి ఎంత దిగులో. అందుకే అంతా పూస గుచ్చినట్టు రాస్తున్నాను. ప్లాంటులో కార్మికులకు ప్రమాదాల గురించి సినిమాలు చూపించే ప్రొజెక్టరు ఒకటుంది. మా ఆయన వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి దాన్ని తెచ్చారు. పన్నెండు నిమిషాల సినిమాకు ఏడాది పట్టిందంటే నమ్ముతావా? మట్టిలో నూనె, మైనం కలిపి పిసికి బొమ్మలు చెయ్యాలి. బొమ్మ చెయ్యిని వెంట్రుకంత జరిపి ఒక ఫొటో, మళ్ళీ వెంట్రుకంత జరిపి ఇంకో ఫొటో. సెకనుకు పన్నెండు. ప్లాంటు బూడిద లోపలికి రాకుండా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది నేనే.

కథ చెప్తాను. ఒక ఇల్లు. నాన్న, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు. అందరూ ఒకేసారి ‘అమ్మా’ అని అరుస్తుంటారు. సగం సినిమా అయ్యాక అమ్మ వంటింట్లోకి పోతుంది, తిరిగి రాదు. ఆమె బదులు రెండు ఎద్దులు బయటికి వస్తాయి. పిండి రుబ్బుతాయి, కొమ్ములతో పిల్లకు తల దువ్వుతాయి, నాయనమ్మ మంచాన్ని ఎండలోకి లాగుతాయి. ఇంట్లో ఒక్కరికీ తేడా తెలియదు. నాన్నయితే చారు తాగి, ‘ఇయ్యాల మంచిగ కుదిరింది’ అంటాడు. జనం పడీ పడీ నవ్వారు.

హేమ ఒక బిస్కెట్ల డబ్బా పెట్టి అభిప్రాయాలు చీటీల మీద రాసి వెయ్యమంది. యాభై రెండు చీటీలు వచ్చాయి. కన్నడంలో ఉన్నవి తెలుగు చేసి కొన్ని రాస్తున్నాను.

‘మా ఇంట్ల గూడ ఎద్దులొస్తె నేను జరసేపు పండుకుంట.’

‘వెలుతురు బాగా కుదిరింది. కానీ ఎద్దు కాలు పెడితే ఆ మంచం విరగాలి.’ ఇది ఎవరో ఇంజనీరు.

‘పాటలు లేవు, కొట్లాట లేదు, కూసున్న కుర్చీ వేడెక్కకముందే అయిపోయింది. ఫజూల్, ఉత్త దండగ.’

‘నాయనమ్మకు పళ్ళు లేవు కదా, జొన్నరొట్టె ఎట్లా నమిలింది?’

‘ఎద్దుల పేర్లు చెప్పలేదు.’ ఇది ఒక చిన్నపిల్ల రాత.

ఇక ఏడుగురు ఒకటే మాట రాశారు: ‘అమ్మ బొమ్మ అచ్చం కృష్ణాబాయిగారే. ఆ ముక్కు, ఆ మూతి.’ నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. గుల్బర్గాలో హేమకు బొమ్మలు నేర్పిన మాస్టారు, హైదరాబాదులో ఇట్లాంటి సినిమాలు తీసే వాళ్ళకు దీన్ని చూపించారట. వాళ్ళు ఉద్యోగానికి రమ్మన్నారు. మార్చి ఇరవైలోగా చేరాలి. అమ్మ ఒప్పుకుంటేనే పోతానని హేమ అంటోంది. వెంటనే జవాబు రాయి.

నీ చెల్లెలు,
కృష్ణ


రాయచూరు,
28-1-1997

కృష్ణకు,

బావ కన్ను నయమైంది. నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. ఏడుగురి సంగతి దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపేశాను. దగ్గు వచ్చిందని చెప్పి లేచి నీళ్ళు తాగాను. అసూయ అంటావా? అసూయే. నీ దగ్గర దాచేదేముంది?

నేనొకటి అడుగుతాను. ఎద్దుల మెడలో గంటలున్నాయని నువ్వు రాయలేదు. సూగప్ప చెప్పాడు. చిన్న ఇత్తడి గంటలు, ఎర్ర కుచ్చులు, అచ్చం మన దుకాణం సరుకేనట. తీన్ కందీల్ బజారులో పొద్దున లేస్తే ఎద్దుల తాళ్ళు, గంటలు, కుచ్చులు అమ్ముకునే ఆడది ఎవరు? నేనే కదా. అమ్మకు నీ ముక్కు పెట్టింది. చాకిరీ చేసే ఎద్దులకు నా దుకాణం గంటలు కట్టింది. ఇంతకంటే వివరంగా నా కూతురు నాకు ఏం చెప్పాలి?

ఆరేళ్ళ పిల్లను నీ దగ్గర ఎందుకు పెట్టానో నీకు తెలుసు. మా అత్త మంచాన పడింది, ఇంట్లో దుకాణం, మీ కాలనీలో మంచి బడి. నీకు పిల్లలు లేరని జాలిపడి ఇచ్చాననుకున్నావేమో. చదువుకు పెట్టాను కానీ దత్తత ఇయ్యలేదు. పదహారేళ్ళయింది. గుల్బర్గా నుంచి సెలవులకు వచ్చినా అది ముందు దిగేది నీ గడపలోనే. ఇక్కడికి చుట్టపు చూపుగా వస్తుంది, రెండు పూటలు ఉంటుంది, పోతుంది.

మీ పొగగొట్టాల పొగ మా మిద్దె ఎక్కితే కనిపిస్తుంది. కరెంటు మాత్రం మాకు పూటకొకసారి పోతుంది. మీ ఇంట్లో ఎన్నడూ పోదు. మంచివన్నీ ఆ పక్కకే పోతాయి కాబోలు.

హైదరాబాదు సంగతి తర్వాత చూద్దాం. ముందు హేమను ఒక్క మాట అడిగి రాయి. ఆ ఎద్దులు ఎవరు?

రామాబాయి


శక్తినగర్,
5-2-1997

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. హేమను అడిగాను. నవ్వింది. ‘అమ్మను వొచ్చి సూడమను చిన్నమ్మా, సూసినంక నేనే చెప్త’ అన్నది. అంతకుమించి నేను నీకేమీ రాయకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. కాబట్టి రాయను.

ఏడుగురు అన్నది నేను కల్పించానా? చీటీలు ఇంట్లోనే ఉన్నాయి, కావాలంటే పంపుతాను. ఎద్దు అన్నందుకు అంత కోపమెందుకు? మీ ఇల్లు గడిచేది ఎద్దుల మీదే కదా.

దత్తత అన్నావు కాబట్టి నేనూ ఒకటి రాస్తాను. హేమకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇరవై ఒక్క రోజులు మంచం పక్కన కూర్చున్నది నేను. నువ్వు మూడుసార్లు వచ్చావు. మూడుసార్లూ ఆఖరి బస్సుకు వెళ్ళిపోయావు. తప్పు పట్టడం లేదు, జరిగింది రాస్తున్నాను. దానికి మొదటి జడ వేసింది నువ్వే, ఒప్పుకుంటాను. ఆ తర్వాత జడలన్నీ నావి.

ఆదివారం సినిమా మళ్ళీ వేస్తున్నారు. మొదటిసారి షిఫ్టులో ఉన్నవాళ్ళంతా అడిగారు. బావను తీసుకుని రా. నీకిష్టమని గోంగూర పచ్చడి చేసి పెడతాను. మాటలు ఉత్తరాల్లో పెరుగుతున్నాయి, ఎదురుగా కూర్చుంటే తగ్గుతాయి.

కృష్ణ


రాయచూరు,
12-2-1997

కృష్ణాబాయికి,

నేను రాలేదు, మంచిదే అయింది. వస్తే నా కళ్ళతో చూడాల్సి వచ్చేది.

సూగప్ప పాపం సంతోషంగా చెప్పాడు, నేను ఖుషీ అవుతాననుకున్నాడు. సినిమా అయిపోయాక క్లబ్బు సెక్రెటరీ మైకులో ‘ఈ కళాకారిణి తల్లిగారు వేదిక మీదికి రావాలి’ అన్నాడట. నువ్వు పోయావట. మల్లెపూల దండ వేయించుకున్నావట. శాలువా కప్పించుకుని ఫొటో కూడా దిగావట. ‘నేను తల్లిని కాదు, చిన్నమ్మను’ అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది కృష్ణా? మైకు నీ మూతి ముందే ఉంది కదా.

ఇంట్లో గిన్నె విసిరేస్తే మీ బావ లేచి వచ్చాడు. ‘ఏందే గిట్ల చేస్తవు? పిల్లకు పేరొచ్చిందంటే సంబురపడాలె గాని’ అన్నాడు. ‘పేరొచ్చింది, ఎవలకు?’ అన్నాను. ఆయన నల్లద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున సూగప్పను తోడు ఇచ్చి హేమను పంపించు. పెట్టె, బట్టలు అన్నీ పంపు. హైదరాబాదు లేదు, ఏ ఊరూ లేదు. దుకాణంలో కూర్చుని కుచ్చులు కడుతుంది. అమ్మ ఎవరో పదహారేళ్ళు మరిచింది, దగ్గరుంటే మెల్లగా గుర్తుకొస్తుంది.

దీనికి జవాబు రాయకు. ఇది ఉత్తరం కాదు, కబురు.

రామాబాయి


శక్తినగర్,
9-3-1997

అక్కా,

రాయవద్దన్నావు. రెండుసార్లు రాసి చించేశాను. ఇది మూడోది.

హేమ వెళ్ళి మూడు వారాలయింది. దుకాణంలో తల వంచుకుని కుచ్చులు కడుతోందట, ఎవరితోనూ మాట్లాడదట. సూగప్ప చెబుతుంటే వినలేక లోపలికి వచ్చేశాను. ఇరవయ్యో తారీకుకు పదకొండు రోజులే ఉన్నాయి. నా మూలంగా ఆ పిల్ల బతుకు ఆగిపోతోంది. అందుకే ఒట్టు తప్పుతున్నాను.

ఆ అమ్మ బొమ్మ నువ్వే.

నీ పాత ఫొటో ఒకటి హేమ పుస్తకంలో ఉంటుంది. దాన్ని ఎదురుగా పెట్టుకుని పది రోజులు కూర్చుని నీ ముఖం చేసింది. మనిద్దరికీ నాన్న ముక్కే వచ్చింది కాబట్టి, నిన్ను ఎరగని కాలనీవాళ్ళు నేననుకున్నారు. ఆ సంగతి తెలిసీ నీకు ఏడుగురని లెక్కతో సహా రాశాను. నువ్వు ఉడుక్కోవాలనే రాశాను.

ఎందుకో కూడా చెప్తాను. పదహారేళ్ళు నా చేతి అన్నం తిన్న పిల్ల, అమ్మ బొమ్మ అనగానే నీ ముఖం చేసింది. ఒక్క క్షణం ఆలోచించలేదు. నేను పక్కనే కూర్చుని మట్టి పిసికి ఇస్తున్నాను. అందులో ఇంటివాళ్ళు కాక ఒక పక్కింటామె బొమ్మ కూడా ఉంది. అదైనా నేనేమోనని అడిగాను. ‘కాదు చిన్నమ్మా, అది ఉత్తగ చేసిన’ అన్నది. ఆ సినిమాలో నేను ఎక్కడా లేనక్కా.

ఇప్పుడు అసలు తప్పు. పోయిన జ్యేష్ఠంలో మణ్ణెత్తిన అమావాస్యకు నువ్వు మా ఇంటికి వచ్చావు. హేమ ఫిలిం కడిగించే పని మీద గుల్బర్గా పోయి ఉంది. మట్టితో జోడెద్దులు చేసి పూజ చెయ్యాలి, కాలనీలో మట్టి ఎక్కడిది, తవ్వితే బూడిద. నువ్వు హేమ గదిలోకి పోయి, బల్ల మీద గుడ్డ తీసి ఆ బొమ్మను పట్టుకున్నావు. ‘ఎవరే ఈమె, మూతి గిట్ల ముడుచుకోని కూసున్నది?’ అని నన్ను అడిగావు.

నాకు తెలుసు. తెలిసీ, ‘చెడిపోయిన బొమ్మ అక్కా, తీస్కో’ అన్నాను.

నువ్వు లోపలి తీగలు పీకి పడేసి, ముఖాన్ని బొటనవేలితో అదిమి, ముద్ద చేసి రెండు ఎద్దులు చేశావు. పక్కన నిలబడి చూశాను. నీ ముఖాన్ని నువ్వే గుర్తుపట్టలేదని లోపల్లోపల సంతోషపడ్డాను. పసుపు, కుంకుమ నేనే తెచ్చి ఇచ్చాను.

హేమ తిరిగి వచ్చి బల్ల చూసింది, దేవుడి గూట్లో ఎద్దుల్ని చూసింది. అప్పటికి సగం సినిమా తీసింది. ‘అమ్మకు తెల్వక చేసింది. నువ్వు గూడ చెప్పకు చిన్నమ్మా, పరేషాన్ అయితది’ అన్నది. మొన్న మళ్ళీ వేయించుకున్న ఒట్టు కూడా దీని గురించే. ఇంకో అమ్మ బొమ్మ చెయ్యమన్నాను. ‘అమ్మ నాకు చేసిచ్చిన బొమ్మలు ఇంకేమున్నయి? ఇవే ఉన్నయి. వీటినే నడిపిస్త’ అన్నది. నీళ్ళలో కలపాల్సిన ఎద్దుల్ని తీసి దాచుకుంది. వాటి వీపుల మీద నీ వేళ్ళ గుర్తులుంటే నన్ను నున్నగా చెయ్యనియ్యలేదు. నీ దుకాణం గంటలు తెచ్చి కట్టింది కూడా అందుకే.

దండ సంగతి నిజమే. సెక్రెటరీ పిలిచాడు, నా కాళ్ళు లేచాయి. జన్మలో నన్ను తల్లి అని పిలిచింది ఆ ఒక్కసారేనక్కా.

నేను చెడిపోయిన బొమ్మ అని చెప్పిన సంగతి హేమకు తెలియదు. తెలిస్తే నా గడప తొక్కదు. అయినా ఈ ఉత్తరం దానికి చూపించు. చూపించి హైదరాబాదు పంపు.

కృష్ణ


రాయచూరు,
16-4-1997

కృష్ణా,

నెల దాటింది నీ ఉత్తరం వచ్చి. తీరిక లేక రాయలేదంటే అబద్ధం. చెయ్యి రాలేదు.

మార్చి పదహారున హేమ గుల్బర్గా మాస్టారు ఇక్కడ ఒక బడి హాల్లో సినిమా వేయించారు. సూగప్ప, మీ ఆయన కలిసి ప్రొజెక్టరు తెచ్చారు కాబట్టి అంతవరకు నీకు తెలుసు. నువ్వు రాలేదు. ఎందుకు రాలేదో నేను అడగను. అమ్మ బొమ్మ తెర మీదికి వచ్చి కూర్చోగానే కరెంటు పోయింది. నలభై నిమిషాలు హాలంతా చీకటి. ఆ చీకట్లో జనం మాటలు విన్నాను. ‘అరె, గామె మన రామాబాయి గదా! బేరం చేస్తె అచ్చం గట్లనే మూతి ముడుస్తది!’ అని ఒకడు. ‘హౌ, ఆమెనే ఆమెనే’ అని పది గొంతులు. మీ బావ నా పక్కన కూర్చుని భుజాలు ఎగరేసి నవ్వుతున్నాడు. ఇక్కడి చీటీల్లో పదమూడు మంది నా పేరు రాశారు. నీకు ఏడు, నాకు పదమూడు. లెక్కపెట్టాను, నవ్వుకుంటే నవ్వుకో.

కరెంటు వచ్చాక ఎద్దులు వచ్చాయి. నేను చేసినవే. ఎడమదాని మూపురం కొంచెం వంకర, అది కూడా అట్లాగే ఉంది. హేమ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను.

ఇక నా మాట విను. నీ ఉత్తరంలో ఒకటి తప్పు రాశావు. ఆ రోజు బల్ల మీద ఆ ముఖాన్ని నేను గుర్తుపట్టలేదన్నావు. ఆ ముక్కు చూడగానే గుర్తుపట్టాను కృష్ణా. అది నువ్వే అనుకున్నాను. నా కూతురు అమ్మ అని నీ బొమ్మ చేసి పెట్టుకుందనుకున్నాను. ఎవరే ఈమె అని అడిగింది తెలియక కాదు, నీ నోటితోనే చెప్పిద్దామని. నువ్వు చెడిపోయిన బొమ్మ అన్నావు. సరేనని బొటనవేలు పెట్టి అదిమాను. ఎద్దు చెయ్యడానికి అంత గట్టిగా అదమక్కర్లేదు. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా నా మనసు చల్లగా ఉంది. బస్సులో చంద్రబండ ఊరామె ఎవరో పక్కన కూర్చుంటే ఆమెకు నా టిఫిన్ డబ్బా ఇచ్చి తినమన్నాను, అంత సంతోషం.

నేను చిదిమింది నా ముఖాన్నని ఆ హాల్లో కూర్చుని చూశాను. ఎవరికి చెప్పుకోను? నీకే చెప్పుకుంటున్నాను.

నీ ఉత్తరం హేమకు చూపించలేదు. చూపిస్తే నాది కూడా చెప్పాలి. పొయ్యిలో పెట్టాను. ‘నాకు తెల్వక చేసిన బిడ్డా’ అని దాని తల మీద చెయ్యి పెట్టి అబద్ధమాడాను. అది నమ్మింది. ఇది నువ్వు కూడా పొయ్యిలో పెట్టు. నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు. ఆ దండ సంగతి నేను చచ్చేదాకా మరిచిపోను.

పద్దెనిమిదో తారీకున హేమను హైదరాబాదు బండి ఎక్కించాము. ఏడవకుండా ఎక్కింది. ఎద్దుల్ని దూదిలో చుట్టి చేతి సంచిలో పెట్టుకుంది, పెట్టెలో పెట్టనియ్యలేదు.

దాని మొదటి ఉత్తరం వచ్చింది. మనిద్దరికీ కలిపి ఒకటే రాసింది. పైన ‘అమ్మకు, చిన్నమ్మకు’ అని ఉంది. నా చిరునామాకు వచ్చింది. వచ్చి తొమ్మిది రోజులయింది. సూగప్ప రోజూ మన దుకాణం ముందు నుంచే పోతాడు. రోజూ ఇద్దామనుకున్నాను, రోజూ ఇయ్యలేదు. అందులో నీ మోకాళ్ళ నొప్పి గురించి మూడు వరుసలు రాసింది, నా గురించి రెండు.

దాన్ని ఈ కవరులోనే పెడుతున్నాను. చదువుకో. కావాలంటే రెండుసార్లు చదువుకో. చదివి మళ్ళీ సూగప్ప చేతికి ఇచ్చి పంపించు. నీ దగ్గరే ఉంచుకోకు.

నీ అక్క,
రామాబాయి